అద్దాల బీరువాలో లారా క్రాఫ్ట్

వీడియో గేమ్ పాత్రల మీద వచ్చే కామిక్స్‌ని ఎవరూ సాహిత్యం లెక్కలో వేయరు. గేమ్ అమ్ముకోవడానికి వేసిన రంగుల కరపత్రాలు అనుకుంటారు. చాలావరకు అది నిజం కూడా. ఇక ఆ పాత్రల బొమ్మల సంగతి చెప్పక్కర్లేదు. అయినా టూమ్ రైడర్ కథానాయిక లారా క్రాఫ్ట్ పేరు మీద పాతికేళ్ళుగా వస్తున్న కామిక్స్‌నీ బొమ్మల్నీ వరసపెట్టి చూస్తే ఒక సంగతి తేలుతుంది. నవల సినిమా అయినప్పుడు ఏం పోయిందో మాట్లాడుకోవడం మనకు బాగా అలవాటు. ఆట పుస్తకం అయినప్పుడు పోయేది వేరు. దాని గురించి మనం పెద్దగా మాట్లాడుకోలేదు.

ఆడనివాళ్ళ కోసం ముందు ఆట గురించి నాలుగు మాటలు. 1996లో ఇంగ్లండ్‌లోని డర్బీలో కోర్ డిజైన్ అనే సంస్థ దీన్ని తయారుచేసింది, ఐడోస్ విడుదల చేసింది. లారా రూపకర్త టోబీ గార్డ్. పాత సమాధుల్లోకీ గుళ్ళలోకీ దిగి అక్కడి వస్తువులు పట్టుకొచ్చే ఒక ఇంగ్లీషు జమీందారీ ఇంటి అమ్మాయి. కథ అంతే. ఆటంతా ఉన్నది దూకడంలో.

ఇంజనీర్ని కాబట్టి ఆ దూకడం ఎలా కట్టారో చెప్పకుండా ఉండలేను. ఆ ప్రపంచమంతా ఒకే కొలత చదరపు గళ్ళతో అల్లింది. నిలబడి దూకితే ఒక గడి దాటుతుంది. పరిగెత్తి దూకితే రెండు. పరిగెత్తి దూకి, గాల్లో ఉండగానే చేతులు చాచి అవతలి అంచు పట్టుకుంటే మూడు. అంచు దాకా నడవాలి, ఒక్క గెంతు వెనక్కి వేయాలి, అక్కణ్ణుంచి పరిగెత్తి సరైన క్షణంలో దూకాలి. తొక్కుడుబిళ్ళ ఆడినవాళ్ళకి ఈ లెక్క వెంటనే అర్థమవుతుంది. సంగీతం కూడా చాలాసేపు ఉండదు. ఖాళీ గుహ, ఆమె అడుగుల చప్పుడు, మన వేళ్ళు.

మా ఇంట్లో ఈ ఆట ఆడింది నేనూ మా చెల్లీ. వంతులేసుకుని ఆడేవాళ్ళం. లోయలో పడ్డప్పుడు అది ఎప్పుడూ "లారా పడిపోయింది" అనేది కాదు. "పడిపోయా అన్నయ్యా, ఈసారి కూడా నేనే" అనేది. నేనూ "చచ్చిపోయాను" అనే అనేవాణ్ణి. మగపిల్లాణ్ణయి ఉండి లారాని "నేను" అనుకోవడానికి నాకేమీ అడ్డు రాలేదు. ఆట సాధించింది ఇదే అని ఇప్పుడనిపిస్తుంది. లారా మనం చూసే మనిషి కాదు, మనం అయ్యే మనిషి. ఆమెకి కథలో పెద్దగా మనస్తత్వం రాయకపోవడం వల్లే మన భయం, మన మొండితనం ఆమెలో పట్టాయి.

బయటి ప్రపంచం ఆమెని వేరేగా వాడుకుంది. 1997లో ఫేస్ పత్రిక ముఖచిత్రం అయింది. యూ2 బృందం పాప్‌మార్ట్ కచేరీల తెర మీద కనబడింది. లూకోజేడ్ ప్రకటనల్లో నటించింది. ఈ అమ్మకం పద్ధతి నచ్చనివాళ్ళలో ఆమెని పుట్టించిన టోబీ గార్డ్ కూడా ఉన్నాడు. 1997లోనే అతను కోర్ డిజైన్ వదిలి వెళ్ళిపోయాడు. కామిక్స్ పుట్టింది సరిగ్గా ఈ గాలిలోనే.

మొదట టాప్ కౌ సంస్థ 1997 చివర్లో తమ సొంత నాయిక విచ్‌బ్లేడ్‌తో లారాని కలిపి ఒక ప్రత్యేక సంచిక వేసింది. దాన్ని గీసింది మైకేల్ టర్నర్. తర్వాత 1999 చివర్లో అసలు సిరీస్ మొదలైంది. రచన డాన్ జర్గెన్స్, సూపర్‌మాన్‌ని చంపిన కథతో పేరు పొందినవాడు. బొమ్మలు ఆండీ పార్క్. 2005 దాకా 50 సంచికలు నడిచింది. వీటిని తర్వాత డార్క్ హార్స్ ఆర్కైవ్స్ పేరుతో లావుపాటి సంపుటాలుగా మళ్ళీ వేసింది కాబట్టి ఇప్పుడు చదవడం కష్టమేమీ కాదు.

చదివితే మొదట తెలిసేది, జర్గెన్స్‌కి కథ నడపడం బాగా వచ్చని. మెడూసా మాస్క్ కోసం పరుగు చకచకా సాగుతుంది. చేజ్ కార్వర్ అనే పాత ప్రియుణ్ణి కల్పించి లారాకి మాట్లాడే తోడు ఇచ్చాడు. కానీ ఆ తోడుతోనే ఆట వాతావరణం పోయింది. ఆటలో లారా ఒంటరిది. కామిక్‌లో ఆమె చుట్టూ ఎప్పుడూ ఎవరో ఒకరు ఉంటారు. ఎవరూ లేకపోతే ఆమె ఆలోచనలు పెట్టెల్లో రాసి పెడతారు. దూకుతూ కూడా చమత్కారాలు ఆడుతుంది. ఆటలో మనం ఊపిరి బిగపట్టి దాటిన మూడు గళ్ళ దూరం ఇక్కడ ఒక్క ప్యానెల్. అవతలి గట్టు అందుతుందా లేదా అన్న ప్రశ్నే లేదు. తర్వాతి పేజీ ఉంది కాబట్టి అందుతుంది.

ఆండీ పార్క్ గీత గురించి న్యాయంగా ఒక మాట చెప్పాలి. మొదటి ఆటలో, మనం ఆడే భాగంలో లారాకి వేలాడే జడ లేదు. కదిలే జడ ఆడేవాళ్ళ చేతికి వచ్చింది 1997లోని రెండో ఆటలోనే. కామిక్‌లో ఆ జడ మంచి పనిముట్టు అయింది. శరీరం ఎటు నుంచి ఎటు తిరిగిందో జడ వంపు చెబుతుంది. కదలిక పోయినచోట కదలిక గుర్తు మిగిల్చే ప్రయత్నం అది. కానీ అదే పేజీలో శరీరం మాత్రం పాఠకుడి వైపు తిరిగి పోజు పెడుతుంది. జడ దూకుతూ ఉంటుంది, మనిషి నిలబడి ఉంటుంది. ఆ సిరీస్ లోపం మొత్తం ఈ ఒక్క వైరుధ్యంలో ఉందంటాను.

మొదటి సంచిక విపరీతంగా అమ్ముడైంది. దానికి ఒక కారణం అట్టలు. ఒకే కథకి వేరువేరు బొమ్మలతో అట్టలు వేసి అమ్మారు. సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే లోపల కోడ్ అదే, ఐకాన్ మాత్రం మార్చి మళ్ళీ మళ్ళీ విడుదల చేశారు. కొనేవాళ్ళు అన్నీ కొన్నారు. చదవడానికి ఒకటి చాలు కదా, మిగతావి దేనికి? దాచడానికి. దీనికి తర్వాతి మెట్టు 2000 నుంచి వచ్చింది. సి.జి.సి. అనే సంస్థ కామిక్ పుస్తకం పరిస్థితి చూసి పదికి ఇన్ని అని మార్కులు వేసి గట్టి ప్లాస్టిక్ పెట్టెలో మూసి పంపిస్తుంది. దాన్ని స్లాబ్ అంటారు. మనకి స్లాబ్ అంటే ఇంటి పైకప్పు, వాళ్ళకి పుస్తకం సమాధి. పెట్టె తెరిస్తే ఆ మార్కులకి విలువ లేదు. అంటే ఆ పుస్తకాన్ని ఇక ఎవరూ చదవరు. సమాధులు తెరిచి బతికే అమ్మాయి కథని సమాధి చేసి దాచుకోవడం ఆ వ్యాపారంలో ఎవరికీ వింతగా అనిపించినట్టు లేదు.

శిల్పాలు, బొమ్మలు ఇంకో అడుగు ముందుకి వెళ్ళాయి. స్క్వేర్ ఎనిక్స్ వాళ్ళ ప్లే ఆర్ట్స్ కై బొమ్మలకి కీళ్ళుంటాయి, వంచి కొత్త భంగిమలో పెట్టుకోవచ్చు. వేటా వర్క్‌షాప్ మొదటి ఆటలోని లాస్ట్ వ్యాలీ ఘట్టాన్ని, టి-రెక్స్ రాక్షసబల్లితో సహా, శిల్పం చేసింది. పనితనంలో దానికి వంక పెట్టలేం. కానీ ఆటలో టి-రెక్స్ వచ్చిన క్షణంలో మనం దాన్ని సరిగ్గా చూడం. వేళ్ళు వణుకుతుంటే ఎటు పారిపోవాలో చూసుకుంటాం. శిల్పంలో చుట్టూ తిరిగి తీరిగ్గా చూస్తాం. ఆ భయం మనది కాదిప్పుడు, ఆమెది. మనం సురక్షితంగా ఇవతల ఉన్నాం.

డార్క్ హార్స్ 2014లో మొదలుపెట్టిన సిరీస్ దగ్గరికి వచ్చేసరికి నా ఫిర్యాదు తగ్గుతుంది. 2013లో క్రిస్టల్ డైనమిక్స్ లారాని మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టింది. ఆ ఆటకి ప్రధాన రచయిత్రి రియానా ప్రాచెట్. యమటాయి అనే దీవిలో ఓడ పగిలి చిక్కుకున్న, అప్పుడే చదువు ముగించిన పిల్ల, స్నేహితులు కళ్ళముందే పోతుంటే బతకడం నేర్చుకుంటుంది. అక్కడొక ఇబ్బంది ఉంది, దాన్ని చాలామంది ఎత్తిచూపారు. లారా మొదటిసారి ఒక మనిషిని చంపి విలవిల్లాడుతుంది. కాసేపటికే మన చేత పదుల మందిని చంపిస్తుంది ఆట. దుఃఖానికి టైము లేదు, ఎందుకంటే ఆట ఆగితే చచ్చిపోతుంది.

ఆ టైము కామిక్ ఇచ్చింది. దాన్ని మొదలుపెట్టిన గెయిల్ సిమోన్ 1999లో, అంటే టాప్ కౌ సిరీస్ మొదలైన ఏడాదే, విమెన్ ఇన్ రెఫ్రిజిరేటర్స్ పేరుతో ఒక జాబితా తయారుచేసింది. హీరోకి కోపం తెప్పించడం కోసం చంపిన, నరికిన, శక్తులు పీకేసిన కామిక్స్ ఆడవాళ్ళ పేర్లు అవి. గ్రీన్ లాంటర్న్ కథలో హీరో ప్రియురాలి శవం ఫ్రిజ్‌లో దొరకడం ఆ పేరుకి మూలం. ఆ జాబితా రాసిన మనిషి చేతికి లారా రావడం నాకు చాలా సంతోషం కలిగించింది.

సిమోన్ కథ ఆట అయిపోయిన తర్వాత మొదలవుతుంది. సామ్, జోనా, రేయెస్, లారా దీవి నుంచి బతికి బయటపడ్డారు. దీవి వాళ్ళని వదల్లేదు. చనిపోయినవాళ్ళు మాటల్లో, కలల్లో తిరిగొస్తారు. తర్వాతి సంచికల్లో ప్రాచెట్ కూడా రచనలో చేరి, దీవిలో పోయిన అలెక్స్ సోదరిని కథలోకి తెస్తుంది. ఆటలో అలెక్స్ చావు ఒక ఘట్టం. అది దాటితే తర్వాతి మలుపు. కామిక్‌లో అతనికి ఇంటివాళ్ళున్నారు, వాళ్ళకి జవాబు చెప్పాలి. ప్యానెల్ దగ్గర ఎంతసేపు ఆగాలో పాఠకుడే నిర్ణయించుకుంటాడు కాబట్టి ఇక్కడ నిశ్చలత లోపం కాలేదు, బలం అయింది. చేతుల్లోంచి దూకడం పోయినా, దూకి బతికినందుకు తప్పు చేసినట్టు అనిపించడం మనదయింది. నికోలాస్ డేనియల్ సెల్మా గీత ఆండీ పార్క్ అంత మెరుపు కాదు. కానీ అతని లారా అలసిపోయినట్టు కనబడుతుంది. మన వైపు తిరిగి నిలబడదు. 2016లో మారికో తమాకీ రాసిన తర్వాతి సిరీస్ మళ్ళీ సాహసం వైపు మొగ్గింది, నాకు అంతగా పట్టలేదు.

వస్తువుల్లో కూడా ఇలాంటి మినహాయింపు ఒకటి దొరికింది. 2015లో రైజ్ ఆఫ్ ద టూమ్ రైడర్ ప్రత్యేక పెట్టెలో లారా విగ్రహంతో పాటు ఆమె దినచర్య పుస్తకం నమూనా, ఆమె మెడలో ఉండే పచ్చరాయి నమూనా ఇచ్చారు. విగ్రహం ముందు మనం ప్రేక్షకులం. ఆ పుస్తకం చేతిలో పట్టుకుంటే, ఒక్క క్షణమైనా, మనం లారా. ఆట ఇచ్చినదాన్ని కాస్తయినా మళ్ళీ ఇచ్చేది ఈ చిన్న వస్తువులే. కానీ ఎక్కువగా వచ్చేవీ, ఎక్కువ రేటు పలికేవీ విగ్రహాలే.

సేకరించేవాళ్ళని తప్పుపట్టడం సులువు. కానీ లారా చేసేదీ అదే పని. 1998లో వచ్చిన మూడో ఆట మన దేశపు అడవిలో మొదలవుతుంది. పాడుబడ్డ గుళ్ళో చాలా చేతుల విగ్రహాలు ప్రాణం పోసుకుని ఆమె మీదికి వస్తాయి. ఆ గుడి ఎవరిదో, ఎవరు కొలిచేవారో ఆటకి పట్టదు. 2018 నాటి షాడో ఆఫ్ ద టూమ్ రైడర్ దగ్గరికి గాని ఆ ప్రశ్న గట్టిగా రాలేదు. అందులో ఆమె ఉన్నచోటి నుంచి ఒక బాకు తీసినందుకే ప్రళయం మొదలవుతుంది.

ఇలా తీసుకుపోవడం తెలుగువాళ్ళకి ఆట కాదు. అమరావతి స్తూపం శిల్పాల్లో వాల్టర్ ఇలియట్ 1845లో తవ్వించినవి మద్రాసు చేరి, 1859లో అక్కణ్ణుంచి లండన్ వెళ్ళాయి. ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో గాజు గోడల వెనక భద్రంగా ఉన్నాయి. ఎండావానల నుంచి, దొంగల నుంచి రక్షణ దొరికింది నిజమే. కానీ స్తూపం ప్రదక్షిణ చేస్తూ చూసేది. నడిచే మనిషి కోసం చెక్కిన కథలవి. ఒక పలక తర్వాత ఇంకో పలక, కాళ్ళు కదిలితేనే వరస తెలుస్తుంది. గాజు వెనక రాయి మిగిలింది, నడక పోయింది.

లారా విషయంలో జరిగిందీ అదే. ఆమె ప్లాస్టిక్‌తో, రెసిన్‌తో చేసిన ఆకారం కాదు, ఆడేవాడి చేతివేళ్ళలో ఉన్న నడక. దాన్ని దాచడం కుదరదు కాబట్టి ఆకారాన్ని దాస్తున్నాం. ఈ నష్టాన్ని పట్టించుకోని పుస్తకాలు, బొమ్మలు ఎంత అందంగా ఉన్నా నన్ను బయటే నిలబెట్టాయి. నష్టాన్ని గుర్తించి, బదులుగా తమ మాధ్యమం ఇవ్వగలిగింది ఇచ్చిన కొద్దిపాటివి లోపలికి పిలిచాయి. మా చెల్లి లాగా ఆడినవాళ్ళు ఆ శిల్పాల కొనుగోలుదారుల లెక్కలో ఎప్పుడూ లేరు. సిమోన్, ప్రాచెట్ రాసిన పేజీల్లో మాత్రం వాళ్ళకి చోటుంది.

కాబట్టి ఒక్కటే చదవగలిగితే 2014 డార్క్ హార్స్ సిరీస్ మొదటి సంపుటం, సీజన్ ఆఫ్ ద విచ్, చదవండి. పాత సంచికలు ఎక్కడైనా ప్లాస్టిక్ పెట్టెలో దొరికితే, ధర పోతే పోయింది, తెరిచి చదవండి.