డ్రిబ్లింగ్ నిషిద్ధం

ఫుట్‌బాల్ పోటీ పెట్టి అందులో డ్రిబ్లింగ్ చెయ్యకూడదని షరతు పెట్టినవాణ్ణి ఏమనాలి? బంతిని కాలికి అంటించుకున్నట్టు తోసుకుంటూ, ఇద్దరు ముగ్గుర్ని బోల్తా కొట్టించి దూసుకుపోయేవాడి కోసమే కదా జనం మైదానానికి వచ్చేది! హైదరాబాద్‌లో సయ్యద్ అబ్దుల్ రహీం అలాంటి పోటీలే పెట్టారు. అది చాలదన్నట్టు, వాటం లేని కాలితో మాత్రమే ఆడాల్సిన పోటీలు కూడా పెట్టారు. ఆయన బడిపంతులు. ఉస్మానియాలో డిగ్రీ చదివి, కాచిగూడ, చాదర్‌ఘాట్ బళ్ళలో పాఠాలు చెప్పారు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. 1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు కోచ్‌గా ఉన్నారు. ఊళ్ళో అందరికీ ఆయన రహీం సాబ్. 2024లో వచ్చిన హిందీ సినిమా ‘మైదాన్’ ఆయన్ని వేళ్ళ మధ్య సిగరెట్‌తో గంభీరంగా నిలబెట్టింది. నాకు మాత్రం ఆ వింత షరతులు రాసిన పంతులు గారి మీదే ఆసక్తి.

ఎందుకంటే ఈ ఆట చరిత్రంతా షరతుల చరిత్రే. 1863లో లండన్‌లోని ఫ్రీమేసన్స్ టావెర్న్‌లో కొన్ని క్లబ్బుల వాళ్ళు కూర్చుని ఫుట్‌బాల్ అసోసియేషన్‌ను ఏర్పాటు చేసి, నియమాలు రాసుకున్నారు. వాటి ప్రకారం బంతికన్నా ముందున్నవాడు ఎవడైనా ఆఫ్‌సైడే. ముందుకు పాస్ ఇచ్చే వీలే లేనప్పుడు ఇంకేం చేస్తారు? కబడ్డీలో కూతకు వెళ్ళినవాడిలా ఒక్కడు బంతితో చొరబడేవాడు, మిగతావాళ్ళు అతని వెనకాల గుంపుగా పరిగెత్తేవాళ్ళు. 1866లో ఆ నియమాన్ని సడలించారు. ముందున్నవాడికీ గోల్ లైనుకూ మధ్య ప్రత్యర్థులు ముగ్గురుంటే చాలన్నారు. ముందుకు పాస్ ఇవ్వడానికి దారి దొరికింది. అయినా ఇంగ్లండ్ వాళ్ళకు పాత అలవాటు పోలేదు. 1872లో గ్లాస్గోలో జరిగిన తొలి అంతర్జాతీయ మ్యాచ్‌లో వాళ్ళకన్నా ఒంటి బరువు తక్కువున్న స్కాట్లండ్ ఆటగాళ్ళు బంతిని ఒకరికొకరు అందించుకుంటూ ఆడి, 0-0తో నిలువరించారు. పాసింగ్ ఆటకు పుట్టిల్లు అక్కడే అంటారు. 1925లో ముగ్గురిని ఇద్దరుగా తగ్గించారు. గోల్స్ వరద వచ్చింది. దాన్ని ఆపడానికి ఆర్సెనల్ మేనేజర్ హెర్బర్ట్ చాప్‌మన్ సెంటర్ హాఫ్‌ను వెనక్కి లాగి ఇద్దరు బ్యాకుల మధ్య స్టాపర్‌గా నిలబెట్టాడు. మైదానం మీద ఆటగాళ్ళు నిలబడే తీరునే మార్చేసిన మార్పు అది.

ఇంగ్లండ్‌లో నియమం మారాక ఆట మారింది. రహీం ఆట మార్చడానికి తనే చిన్న చిన్న నియమాలు కల్పించారు. ‘పాస్ ఇవ్వరా’ అని మైదానం పక్క నుంచి అరిచే కోచ్‌లు ఎంతమందైనా ఉంటారు. పాస్ ఇవ్వక తప్పని ఆటను తయారుచెయ్యడం వేరు.

డ్రిబ్లింగ్ లేని మ్యాచ్‌లో ఒక్క క్షణాన్ని దగ్గరగా చూడండి. బంతి మీ వైపు వస్తోంది. అందాక చూద్దామంటే కుదరదు. దాంతో పరిగెత్తే వీలు లేదు కాబట్టి ఎదుటివాడు మీద పడే లోపు వదిలెయ్యాలి. అందుకని బంతి ఇంకా దారిలో ఉండగానే భుజం మీదుగా ఒకసారి వెనక్కి చూసుకోవాలి. మనవాడెక్కడ, పరాయివాడెక్కడ అన్న లెక్క అప్పటికే తేలిపోవాలి. బంతిని పాదం లోపలి అంచుతో అందుకుంటూ, తగిలే సమయానికి పాదాన్ని కాస్త వెనక్కి తీస్తే అది ఎగిరిపోకుండా అక్కడే ఆగుతుంది. రెండో తాకిడికి వెళ్ళిపోవాలి. ఆరితేరినవాడైతే ఆ మొదటి తాకిడితోనే పంపేస్తాడు.

ఇది బంతి దగ్గరున్నవాడి సంగతి. ఆ షరతు అసలు పట్టుకునేది మిగతా పదిమందిని. బంతి ఉన్నవాడు కదలలేడు కాబట్టి వాళ్ళే కదలాలి. ఒకడు కుడి పక్కకు, ఒకడు ఎడమ పక్కకు వచ్చి త్రికోణం కట్టకపోతే ఆట అక్కడే ఆగిపోతుంది. పాస్ ఇచ్చినవాడు కూడా నిలబడి చూస్తే లాభం లేదు, ఇచ్చిన మరుక్షణం ఖాళీ జాగాలోకి పరిగెత్తి మళ్ళీ అందుకోవాలి. మైదానంలో ఒక ఆటగాడు తొంభై నిమిషాల్లో చాలా భాగం బంతి లేకుండానే గడుపుతాడు. ఆ సమయంలో ఏం చెయ్యాలో నేర్పడానికి ఇంతకన్నా చవకైన ఉపాయం నేను చూడలేదు.

వాటం లేని కాలి పోటీ ఇంకా కఠినం. కుడి వాటం ఉన్నవాడు ఎడమ కాలితో కొట్టాలంటే ఒంటి బరువంతా కుడి కాలి మీద ఆపుకోవాలి. తప్పేది కొట్టే కాలి దగ్గర అనుకుంటాం గానీ, ముందు తడబడేది ఆనుకున్న కాలే. దాన్ని బంతికి జానెడు పక్కన, పంపాల్సిన దిక్కుకు మొన తిప్పి పెట్టాలి. మొదట్లో బంతి ఎటో పోతుంది, చూసేవాళ్ళకు నవ్వొస్తుంది. కానీ అందరిదీ అదే అవస్థ అయినప్పుడు సిగ్గు ఉండదు. పట్టుబడ్డాక మాత్రం ఆ కుర్రాణ్ణి ఆపడం కష్టం. అతను ఎటు తిరుగుతాడో డిఫెండర్‌కు అంతుపట్టదు.

ఫలితాలు వెంటనే కనిపించాయి. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్‌ను హైదరాబాద్ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్ళు గెలిచింది. 1950లోనే డ్యూరాండ్ కప్ ఫైనల్లో మోహన్ బగాన్‌ను ఓడించింది. అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం పోలీసుల పాత బూట్లను బాగుచేయించుకుని ఆడేవాడు. రహీం అతన్ని గుర్తించి, సైకిల్ అద్దెకు డబ్బులిచ్చి మరీ శిక్షణకు రప్పించుకున్నారు. ఆ సైకిల్ అద్దె వృథా పోలేదు. బలరాం రెండు ఒలింపిక్స్ ఆడాడు.

దేశ జట్టు పగ్గాలు కూడా రహీం చేతికే వచ్చాయి. 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల్లో స్వర్ణం దక్కింది. మరుసటి ఏడాది హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తుగా ఓడిపోయారు. మనవాళ్ళలో చాలామంది ఉత్త కాళ్ళతో ఆడారు. 1911లో మోహన్ బగాన్ జట్టు దాదాపు అందరూ వట్టి కాళ్ళతో ఆడి ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్‌ను ఓడించి ఐఎఫ్ఏ షీల్డ్ గెలిచినప్పటి నుంచి మనకు అదో గర్వకారణం. హెల్సింకీ చలిలో ఆ గర్వం ఎందుకూ పనికిరాలేదు. ఆ తర్వాత బూట్లు తప్పనిసరి చేశారు.

1953లో వెంబ్లీలో హంగరీ 6-3తో ఇంగ్లండ్‌ను ఓడించినప్పుడు యూరప్ ఉలిక్కిపడింది. హంగరీ సెంటర్ ఫార్వర్డ్ హిదెగ్‌కుటి ముందుండకుండా మధ్యలోకి దిగిపోయాడు. అతన్ని కాపు కాయాల్సిన స్టాపర్‌కు ఏం చెయ్యాలో పాలుపోలేదు. వెంట వెళ్తే గోల్ ముందు ఖాళీ, వెళ్ళకపోతే అతను స్వేచ్ఛగా బంతి అందుకుంటాడు. రహీం కూడా 1950లలో ఇదే ఎత్తు వేశారు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్ ఆతిథ్య ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్ చేరింది. నెవిల్ డిసౌజా హ్యాట్రిక్ కొట్టాడు. చివరికి మనది నాలుగో స్థానం. ఒలింపిక్ ఫుట్‌బాల్లో భారత్ మళ్ళీ ఆ మెట్టు ఎక్కలేదు.

1962 నాటికి ఆయన నలుగురు డిఫెండర్లు, ఇద్దరు హాఫ్‌లు, నలుగురు ఫార్వర్డ్‌ల పద్ధతికి మారారు. జకార్తా ఆసియా క్రీడల మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓటమి. థాయిలాండ్‌తో మ్యాచ్‌లో డిఫెండర్ జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. గాయంతో వెనక నిలబెట్టడం ప్రమాదమని రహీం అతన్ని సెంటర్ ఫార్వర్డ్‌గా పంపారు. సెమీస్‌లో దక్షిణ వియత్నాంపై అతను గోల్ కొట్టాడు. సెప్టెంబర్ 4న ఫైనల్, మళ్ళీ దక్షిణ కొరియాతోనే. ఇజ్రాయెల్, తైవాన్‌లను రానివ్వలేదని భారత అధికారి జి.డి. సోంధి విమర్శించడంతో ఇండోనేసియా జనం మన మీద మండిపడుతున్నారు. సెనయాన్ స్టేడియం నిండా ఎగతాళి కేకలే. పి.కె. బెనర్జీ ఒక గోల్ కొట్టాడు, కాసేపటికే జర్నైల్ రెండోది. 2-1తో భారత్ గెలిచింది. అప్పటికే రహీంను క్యాన్సర్ పట్టుకుంది. 1963 జూన్‌లో యాభై మూడేళ్ళ వయసులో ఆయన చనిపోయారు.

రహీం పోయాక కూడా, 1965-66లో, రాష్ట్రాల జట్ల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని ఆంధ్రప్రదేశ్ గెలిచింది. మంచి ఆటగాళ్ళు మాత్రం హైదరాబాద్‌లో నిలవలేదు. డబ్బూ, చూసే జనమూ కలకత్తాలో ఉన్నాయి. బలరాం 1950లలోనే ఈస్ట్ బెంగాల్‌కు వెళ్ళాడు, 1966లో మహమ్మద్ హబీబ్ కూడా అదే దారి పట్టాడు. వాళ్ళను తప్పుపట్టలేం. పోలీస్ ఉద్యోగం తప్ప ఈ ఊరు వాళ్ళకు చూపించిందేమీ లేదు. ఒంటరి విన్యాసాల కన్నా జట్టుకోసం తొంభై నిమిషాలూ పరిగెత్తే హైదరాబాదీగా హబీబ్‌కు అక్కడ పేరొచ్చింది. జకార్తాలో రహీం కింద ఆడిన పి.కె. బెనర్జీ కోచ్ అయ్యి, మొదట ఈస్ట్ బెంగాల్లో, ఆ తర్వాత మోహన్ బగాన్‌లో అతన్ని ఆడించాడు. 1977 సెప్టెంబర్‌లో న్యూయార్క్ కాస్మోస్ జట్టుతో పెలే కలకత్తా వచ్చినప్పుడు ఈడెన్ గార్డెన్స్‌లో బగాన్ ఆ మ్యాచ్‌ను 2-2తో డ్రా చేసుకుంది. ఆ రెండు గోల్స్‌లో ఒకటి హబీబ్‌ది.