మీట నుంచి స్పీకరు దాకా

కీబోర్డు మీద స్పీకరు బొమ్మ ఉన్న మీట నొక్కితే సౌండు పెరగాలి. లినక్స్ వేసిన కంప్యూటర్లో అది పెరగకపోతే చుట్టుపక్కల వాళ్లు చెప్పే మాట ఒకటే: "మళ్లీ ఇన్‌స్టాల్ చేసేయండి, అదే సర్దుకుంటుంది." చాలాసార్లు సర్దుకుంటుంది కూడా. కానీ ఎందుకు చెడిందో తెలియకుండా బాగైంది మళ్లీ చెడుతుంది. పైగా అప్పటిదాకా ఓపిగ్గా అమర్చుకున్నవన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. ఆ సలహా అంటే నాకు గిట్టదు.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిశాక, విండోస్ 11 ఎక్కని పాత ల్యాప్‌టాప్‌లు పట్టుకుని లినక్స్ వేసిపెట్టమని అడిగేవాళ్లు మా రాజమండ్రిలో పెరిగారు. వేశాక వచ్చే ఫిర్యాదుల్లో ఈ వాల్యూమ్ మీటలది ముందు వరస.

తప్పెక్కడుందో వెతికి పట్టుకునే పద్ధతి గోదావరి జిల్లాల రైతుకి ఒకరు చెప్పనక్కర్లేదు. శివారు చేనుకి నీరందకపోతే ధవళేశ్వరం ఆనకట్ట పడగొట్టి మళ్లీ కట్టమని ఎవరూ అనరు. బోదె గట్టు పట్టుకుని పైకి నడుస్తారు. తూము దగ్గర నీళ్లున్నాయా, ఆ పైన లాకుల దగ్గర ఉన్నాయా అని చూసుకుంటూ పోతారు. నీళ్లున్న చోటుకీ లేని చోటుకీ మధ్యనే ఉంటుంది అడ్డం.

సౌండు మీటదీ అలాంటి దారే. మీట నొక్కగానే లినక్స్ గుండెకాయ అయిన కెర్నెల్ దానికో నంబరు ఇస్తుంది. సౌండు ఆపడానికి 113, తగ్గించడానికి 114, పెంచడానికి 115. తెరను నడిపే ఎక్స్ ఆ నంబరు అందుకుని 8 కలుపుతుంది. ఎక్స్‌లో మీటల నంబర్లు 8 నుంచే మొదలవుతాయి మరి. అలా 115 కాస్తా 123 అవుతుంది, దానికి 'ఆడియో రెయిజ్ వాల్యూమ్' అన్న పేరు తగులుతుంది. ఆ పేరు కోసం డెస్క్‌టాప్‌లో ఏదో ఒక ప్రోగ్రాము కాచుకుని ఉండాలి. అది సౌండు సంగతి చూసుకునే పల్స్‌ఆడియోకో పైప్‌వైర్‌కో చెబితే, అక్కణ్ణుంచి కార్డును నడిపే అల్సాకి, అల్సా నుంచి సౌండ్ కార్డుకి.

ఈ దారిలో నేను మొదట చూసేది ఎక్స్ఈవీ అనే చిన్న ప్రోగ్రాముతో. టెర్మినల్లో నడిపితే తెల్లటి కిటికీ ఒకటి తెరుచుకుంటుంది. మౌసు దానిమీద ఉంచి మీట నొక్కాలి. 123, పక్కనే పేరు కనిపిస్తే మీట బతికే ఉంది, అందుకునేవాళ్లే లేరు. నంబరు రాకుండా ఫోకస్ పోయినట్టూ వచ్చినట్టూ రెండు మూడు వరసలు పడితే ఎవరో మధ్యలో అందుకున్నారని, తప్పు ఇంకా దిగువన ఉందని. అసలేమీ పడకపోతే కెర్నెల్ దాకా ఎగువకి నడవాల్సిందే.

పాలకొల్లులో మా మావయ్య ల్యాప్‌టాప్‌లో 123 శుభ్రంగా పడింది. ఆయనకి పద్యనాటకాలంటే ప్రాణం. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాల పాత రికార్డింగులు పోగేసుకుని వింటుంటారు. వాటిలో ఒక పద్యం వినీ వినపడకుండా ఉంటే తర్వాతిది చెవులు అదరగొడుతుంది. అందుకే ఆయన వేలు ఎప్పుడూ ఆ మీటల మీదే.

"ఏమైనా మార్చారా మావయ్యా?"

"నేనేం ముట్టుకోలేదబ్బాయ్. పైన టైము పక్కన ఆ స్పీకరు బొమ్మ ఉత్తినే చోటు తింటోందని తీసేశాను, అంతే."

ఆయన వాడే ఎక్స్ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్‌లో మీటల కోసం కాచుకుని ఉండేది ఆ బొమ్మే. పైకి బొమ్మ, లోపల ప్రోగ్రాము. అది పోతే మీటలు మూగబోతాయి. ప్యానెల్లో పల్స్‌ఆడియో ప్లగిన్ మళ్లీ చేర్చి, కీబోర్డు షార్ట్‌కట్ల దగ్గర టిక్కు పెట్టాను. ఇన్‌స్టాల్ చేయాల్సింది ఏమీ లేకపోయింది.

ఇక్కడ రాజమండ్రిలోనే ఒక డీటీపీ సెంటరులో చిక్కు వేరు. మ్యూట్ మీట నొక్కితే సౌండు ఆగుతుంది, మళ్లీ నొక్కితే రాదు. అల్సామిక్సర్ తెరిస్తే సంగతి కంటికే కనిపించింది: మాస్టర్ గడి కింద రెండు సున్నాలు, అంటే తెరిచే ఉంది. హెడ్‌ఫోన్, స్పీకరు గడుల కింద మాత్రం రెండేసి ఎమ్‌లు, అంటే మూసి ఉన్నాయి. ఎవరో ఆ మీటకి అల్సాను నేరుగా తాకే పాత కమాండు కట్టారు. ఆపేటప్పుడు పల్స్‌ఆడియో కూడా అందుకుని మూడింటినీ మూసింది, తెరిచేటప్పుడు కమాండు మాస్టర్‌ను ఒక్కదాన్నే తెరిచింది. 2003 చివర్లో వచ్చిన 2.6 కెర్నెల్‌తో అల్సా స్థిరపడింది. 2004లో మొదలైన పల్స్‌ఆడియో దానిమీద ఇంకో అంతస్తు వేసింది. కింది అంతస్తుకి రాసిన కమాండు పై అంతస్తుకి చెప్పకుండా పని చేస్తే ఇలాగే అవుతుంది. దాని బదులు పల్స్‌ఆడియోతో మాట్లాడే పీఏసీటీఎల్ కమాండు కడితే చాలు. పల్స్‌ఆడియో స్థానంలోకి పైప్‌వైర్ వచ్చినా ఆ భాష వింటుంది కాబట్టి అది ఇప్పటికీ పనిచేస్తోంది.

టీవీకి హెచ్‌డీఎమ్ఐ తీగ పెట్టాక మీటలు పోయాయంటే మాత్రం కంగారుపడకండి. మీటలు టీవీ సౌండు మారుస్తూ ఉంటాయి, అవుట్‌పుట్ మార్చుకోవడమే.

కోడు తెరిచి ఉంచారు కాబట్టే 2005లో స్వేచ్ఛ సంస్థ కార్యకర్తలు లినక్స్‌ను తెలుగులోకి తేగలిగారు. తెరిచి ఉంచారు కాబట్టే నాబోటివాడు మీట నుంచి స్పీకరు దాకా ప్రతి మలుపూ చూసుకుంటూ నడవగలుగుతున్నాడు. ఈ హక్కును రీఇన్‌స్టాల్ మీటకి వదులుకోవడం నాకు బాధగా ఉంటుంది.

మావయ్యకి ఇంకో కోరిక మిగిలింది. నొక్కినప్పుడల్లా 5 శాతం పెరుగుతుంటే పద్యం వినపడేలోపే హార్మోనియం మీద పడిపోతోందట. సెట్టింగ్స్ ఎడిటర్లో ఆ అడుగు 2 శాతం చేశాను. పాత స్పీకర్లు గరగరలాడకుండా పైహద్దు వందకి దించాను. "ఎక్కడ మార్చావో నాకూ చూపించు" అన్నారు. చూపించాను. మర్నాడు ఫోన్ చేసి, 2 మరీ తక్కువగా ఉందని 3 చేసుకున్నానన్నారు.