ఇటుకలు మాయమైన ప్రసంగం

నిర్గమకాండం ఐదో అధ్యాయంలో ఉన్నది పని గొడవ. ఫరో గడ్డి ఇవ్వడం మానేశాడు, ఇటుకల లెక్క మాత్రం తగ్గించలేదు. లెక్క తగ్గితే కూలీల మీద పెట్టిన వాళ్ల మేస్త్రీలకే దెబ్బలు. గూడేల్లోని సువార్త సంఘాల్లో మేం విన్న ప్రసంగాల్లో ఈ గడ్డీ లేదు, ఇటుకా లేదు. ఐగుప్తంటే పాపం, ఫరో అంటే సైతాను, విడుదలంటే తాగుడు మానడం. తాగుడు మానితే మంచిదే, ఆ ఇంటి ఆడవాళ్లనడిగితే చెబుతారు. మరి కూలి ఎగ్గొట్టిన ఆసామి ఈ కథలో ఎక్కడ? కులం మాటెత్తితే క్రీస్తులో కులం లేదంటారు. క్రైస్తవ దళితుణ్ణి షెడ్యూల్డు కులాల జాబితాకి బయట ఉంచిన 1950 రాష్ట్రపతి ఉత్తర్వుదీ అదే తర్కం!

వాక్యం మొదట్నించీ ఇలా లేదు. ఒంగోలు ప్రాంతంలో దాన్ని గూడెం గూడెం మోసింది 1860ల్లో బాప్తిస్మం పుచ్చుకున్న మాదిగ, ఎర్రగుంట్ల పేరయ్య. 1876-78 కరువులో క్లౌ దొర బకింగ్‌హాం కాలవ తవ్వకం కాంట్రాక్టు పట్టాడు (దొరని పొగడ్డానికి చెప్పడం లేదు). అక్కడ బోధకులే పని చూసే మేస్త్రీలు. పని ఆపిన వేళ ఆ గట్టు మీదే బోధ. కూలీ, వాక్యమూ ఒక్క చోటే దొరికాయి.

ఇవాళ చర్చిల్లో చాపల మీద కూర్చునేవాళ్లలో ఇటుక బట్టీలకి పోయేవాళ్లున్నారు. ఐదో అధ్యాయానికి వాళ్ల దగ్గర వ్యాఖ్యానం అక్కర్లేదు, ఉన్నదున్నట్టు చదివితే చాలు.