పొగ ఎప్పుడొస్తాంది?

సైలెన్సర్‌లో నీలి పొగ కనబడితే చాలు, టర్బో పోయిందని తీర్పు చెప్పేస్తారు. సిరుగుప్పలోనైనా ఆదోనిలోనైనా అంతే. వేలకు వేలు పోసి కొత్త టర్బో వేయించుకున్నా పొగ తగ్గక మళ్లీ షెడ్డుకే వచ్చిన బండ్లు ఎన్నో. అందుకే నా ముందు బండి నిలబడితే బానెట్ ఎత్తక ముందే డ్రైవర్ని అడుగుతాను: "పొగ ఎప్పుడొస్తాంది అన్నా?"

పొద్దున్నే స్టార్ట్ చేయగానే ఒక్కసారి గుప్పుమని ఆగిపోతే వాల్వ్ సీళ్లను అనుమానించాలి. రాత్రంతా సన్నగా దిగిన ఆయిల్ అప్పుడు మండుతుంది. యాక్సిలరేటర్ తొక్కినంతసేపూ పొగ వస్తూ, నడుస్తున్న ఇంజన్ మీద ఆయిల్ మూత వదులు చేస్తే గాలి బుస్సుమని ఎగదన్నుతుంటే రింగులు అరిగినట్టే, టర్బో ఎన్ని మార్చినా లాభం లేదు. కాసేపు ఐడ్లింగ్‌లో ఉంచి కదిలించినప్పుడు నీలి మబ్బు లేస్తే, అప్పుడు టర్బో వైపు చూడాలి. నల్ల పొగ సంగతి వేరు. గాలి చాలక డీజిల్ సరిగా మండడం లేదని దానర్థం, టర్బో గాలి హోస్ చిరిగినా అదే వస్తుంది. తెల్ల పొగ ఆగకుండా వస్తూ కూలెంట్ తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్ చూసుకోవాలి.

టర్బో వైపు చూడాలన్నానే గానీ మార్చాలనలేదు. దాని ఇరుసు నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరుగుతుంది, ఆయిల్ పొర మీదే తేలుతుంది. దాని సీళ్లు రబ్బరువి కావు, సన్నని ఇనుప రింగులు. అవి ఆయిల్‌ను ఆపగలిగేది ముఖ్యంగా గాలి ఒత్తిడి వల్ల. లోపలికి ఆయిల్‌ను పంపు తోస్తుంది. తిరిగి ఇంజన్ కిందున్న ఆయిల్ చాంబర్‌కి మాత్రం తన బరువుతో తానే జారాలి. ఆ డ్రెయిన్ పైపు వంగినా, లోపల మడ్డి కట్టినా, బ్రీదర్ మూసుకుపోయి ఇంజన్ లోపల ఒత్తిడి పెరిగినా ఆయిల్‌కి వెనక్కి దారుండదు. సీలు దాటి అటు ఇంటర్‌కూలర్‌లోకో ఇటు సైలెన్సర్‌లోకో పోతుంది. తప్పు పైపుది, శిక్ష టర్బోకి! ఇరుసు పట్టి కదిపితే పక్కలకి కాస్త ఆడడం సహజమే. ముందుకీ వెనక్కీ జరుగుతున్నా, రెక్కలు గోడకి రాసుకుంటున్నా అప్పుడే మార్చాలి. హోస్ లోపల పల్చటి ఆయిల్ తడి చూసి కంగారుపడొద్దు, బ్రీదర్ ఆవిరి వల్ల కొంత ఉంటుంది.

మన సిరుగుప్పకి ఇంకో బెడద ఉంది. తుంగభద్ర ఆయకట్టు, చుట్టూ రైస్ మిల్లులు. వరి కోతల్లో సింధనూరు రోడ్డు మీద గాలి నిండా పొట్టూ దుమ్మూ. కంపెనీ పుస్తకంలో రాసిన కిలోమీటర్ల దాకా ఎయిర్ ఫిల్టర్‌ని ఇక్కడ ఆపకూడదు. అది మూసుకుపోతే టర్బో ముందు గాలి తగ్గి, ఆ వెలితే ఆయిల్‌ను సీలు దాటించి లాగుతుంది. ఫిల్టర్ మార్చగానే పొగ తగ్గిందని జనం ఆశ్చర్యపోతారు గానీ అందులో వింతేం లేదు.

2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్-6 డీజిల్ బండ్లలో ఈ చదువు సగం చెల్లదు. పొగ పోయే దారిలోనే ఇంకో ఫిల్టర్ ఉంటుంది కాబట్టి పొగ కంటపడకపోవచ్చు. కాలిన ఆయిల్ బూడిదై దాంట్లోనే పేరుకుంటుంది. ఈ బండ్లకి డిప్‌స్టిక్ తప్ప సాక్షి లేదు. వారానికోసారి, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు, సమంగా ఉన్న నేల మీద చూసుకోండి. మట్టం పెరిగినా ప్రమాదమే, డీజిల్ కలుస్తోందేమో అడగండి.

డీజిల్ ఇంజన్ తన ఆయిల్‌నే తాగుతూ, తాళం తీసినా ఆగకుండా అరిస్తే బానెట్ దగ్గరికి పోవద్దు. గేరు బండైతే బ్రేకు గట్టిగా తొక్కి, పెద్ద గేరులో వేసి క్లచ్ వదలండి, ఆగుతుంది. హైవే పరుగు తర్వాత ఒక నిమిషం ఐడ్లింగ్‌లో ఉంచి ఆపడం అలవాటు చేసుకోండి, టర్బో వేడిలో నిలిచి కాలిన ఆయిలే మడ్డి అవుతుంది.

టర్బో మార్చక తప్పదంటే, బిల్లు కట్టే ముందు పాతది చేతికివ్వమని అడగండి. దాంతోపాటు డ్రెయిన్ పైపు, ఆయిల్ వచ్చే పైపు, బ్రీదర్ శుభ్రం చేశారో మార్చారో చూపించమనండి. చూపించకపోతే ఆ కొత్త టర్బో కూడా అదే దారిన పోతుంది.