ఒకే పాట, వేర్వేరు వేళలు

1996లో ‘మకరేనా’ పాటకు చేతులు తిప్పని కుర్రకారు మన కాలేజీల్లో కూడా తక్కువే. అమెరికాలో ఆ పాట 14 వారాల పాటు మొదటి స్థానంలో నిలిచింది. మధ్యమధ్యలో అందులో ఒక స్త్రీ గొంతు గలగలా నవ్వుతుంది, గుర్తుందా? ఆ నవ్వు ఆ పాట కోసం నవ్వింది కాదు. 1982లో లండన్‌లో చేసిన ఒక ఇంగ్లిష్ పాటలో ఆలిసన్ మోయే నవ్విన నవ్వు అది. మకరేనాకు కొత్త రూపం కట్టినవాళ్లు దాన్ని అక్కణ్ణుంచి తెచ్చి ఇందులో కలిపారు. ఆ ఇంగ్లిష్ పాట పేరు ‘సిట్యుయేషన్’. పాడిన బృందం యాజూ. బృందమంటే ఇద్దరే. గొంతు ఆలిసన్ మోయేది, యంత్రాలు విన్స్ క్లార్క్‌వి. 1982లో మొదటి పాట తెచ్చారు, 1983 నడిమికి విడిపోయారు. చేసినవి రెండే ఆల్బమ్‌లు. సింథసైజర్లు అనే ఎలక్ట్రానిక్ వాద్యాలతో కట్టే సింథ్ పాప్ అంటే ఏమిటని ఎవరైనా అడిగితే నేను వినమని చెప్పేవి ఆ రెండే.

ఇద్దరూ లండన్‌కు తూర్పున ఎసెక్స్‌లోని బ్యాజిల్డన్‌లో పాటలు మొదలుపెట్టినవాళ్లు. యుద్ధం తరువాత తూర్పు లండన్ జనానికి ఇళ్లు చూపించడానికి 1949లో ప్రభుత్వం తలపెట్టిన కొత్త పట్టణం అది. అక్కడి కుర్రాళ్లు నలుగురు, వారిలో క్లార్క్ ఒకడు, కలిసి పెట్టిన బృందమే డెపెష్ మోడ్. 1981లో వచ్చిన వాళ్ల మొదటి ఆల్బంలో 11 పాటలుంటే 9 క్లార్క్ రాసినవే. వాటిలో ‘జస్ట్ కాంట్ గెట్ ఎనఫ్’ బ్రిటన్ చార్టులో 8వ స్థానానికి ఎక్కింది. ఇక ఆ కుర్రాడికి తిరుగులేదని అందరూ అనుకుంటున్న సమయంలో, ఆ ఏడాది చివరికల్లా, అతను బృందంలోంచి బయటికి వచ్చేశాడు. అప్పటికి 21 ఏళ్లు. ఇంటర్వ్యూలు, ఊరూరూ తిరగడం, పేరు వెంట వచ్చే హడావిడి అతనికి సరిపడలేదు. పాటలు కట్టడం ఒక్కటే ఇష్టం.

మోయేది పూర్తిగా వేరే దారి. డెపెష్ మోడ్‌లోని మార్టిన్ గోర్, ఆండీ ఫ్లెచర్ బడిలో ఆమె తోటివారే. కాని ఆమె మనసు పంక్ మీద, అంతకన్నా ఎక్కువగా అమెరికా నల్లజాతి గాయకుల బ్లూస్ మీద ఉండేది. పబ్బుల్లో వాయించే బృందాలతో కలిసి పాడుతూ, తనకు కావలసిన బ్లూస్ బృందం కోసం ‘మెలొడీ మేకర్’ పత్రికలో ప్రకటన ఇచ్చింది. ఫోన్ చేసింది సింథసైజర్ల మనిషి క్లార్క్! ఒకే ఊరివాళ్లు కాబట్టి ముఖపరిచయం ఉంది, అంతకు మించి లేదు. తన దగ్గరున్న ఒక పాటకు నమూనాగా పాడిపెట్టమని అడిగాడు. ఆమె పాడింది. అదే ‘ఓన్లీ యూ’. 1982 మార్చిలో మ్యూట్ రికార్డ్స్ విడుదల చేస్తే బ్రిటన్‌లో 2వ స్థానం దాకా వెళ్లింది. యాజూ అనే పేరు కూడా పాత బ్లూస్ పాటల్ని మళ్లీ ముద్రించే ఒక అమెరికా రికార్డు సంస్థ నుంచి తీసుకున్నదే. అమెరికాలో ఆ పేరు పెట్టుకోవడం కుదరక, అక్కడ ‘యాజ్’ అయ్యారు.

నన్ను కట్టిపడేసింది క్లార్క్ పనితనం. దాని గురించి కాస్త వివరంగా చెప్పాలి.

అతని పరికరాల్లో ముఖ్యమైనది రోలండ్ కంపెనీ ఎంసీ-4 అనే సీక్వెన్సర్. చూడటానికి పెద్ద క్యాలిక్యులేటర్‌లా ఉంటుంది. దానికి వాయించే మెట్లు లేవు, అంకెల మీటలే ఉన్నాయి. స్వరం ఎంత ఎత్తులో పలకాలో ఒక అంకె. తరువాతి స్వరానికి ఎంతసేపు ఆగాలో ఇంకో అంకె. పలికినది ఎంతసేపు మోగాలో మరో అంకె. అంకె ఒకటి పెరిగితే స్వరస్థానం ఒకటి పెరుగుతుంది. పన్నెండు పెరిగితే పై షడ్జమం. పాట మొత్తం ఇలా అంకెలు కొట్టుకుంటూ పోవాలి. ఆ అంకెలు వోల్టేజీలుగా మారి తీగ వెంట వెళ్లి ఏఆర్‌పీ 2600, ప్రో-వన్ లాంటి సింథసైజర్లను పలికిస్తాయి. ఆ సింథసైజర్లు ఒక వేళకు ఒక్క స్వరమే పలుకుతాయి. మూడు నాలుగు మెట్లు కలిపి నొక్కి నిండుగా మోగించే కార్డ్ వాటి వల్ల కాదు.

క్లార్క్ ఆ పరిమితిని పద్ధతిగా మార్చుకున్నాడు. బేస్ ఒక వరస. దాని మీద గబగబా నడిచే మరో వరస. ఆ రెండింటి సందుల్లో అక్కడో స్వరం ఇక్కడో స్వరం పలికే మూడోది. ఏ వరసా కార్డ్ మోగించదు. అన్నీ కలిసి నడుస్తుంటే మన చెవే కార్డ్‌ను పూరించుకుంటుంది. ‘ఓన్లీ యూ’ మొదట్లో మీటినట్టు వినిపించే ఆ సింథ్ వరసను వినండి. అందులో ఉన్నవి విడివిడి స్వరాలే, అయినా ఎక్కడా వెలితి అనిపించదు.

చిన్నప్పుడు హార్మోనియం మీద సరళీ స్వరాలు నేర్చుకున్నవాణ్ణి నేను. మన రాగంలో స్వరం వెంట స్వరం నడుస్తుంది, కార్డ్‌తో పని లేదు. ఇంగ్లిష్ పాప్ వినడం మొదలుపెట్టినప్పుడు గిటారు బృందాల పాటలు గందరగోళంగా అనిపించి, ఈ పాటలు మాత్రం వెంటనే చెవికి పట్టడానికి కారణం అదేనని ఇప్పుడు అనుకుంటాను. ఇక్కడ ప్రతి వరసనూ విడిగా పట్టుకుని దాని వెంట వెళ్లొచ్చు.

ఇంట్లో ల్యాప్‌టాప్ మీద ట్యూన్లు కట్టుకునే అలవాటు నాకుంది. ఎవరికీ వినిపించను, అది నా కోసం. అందులో క్లార్క్ నియమం పెట్టుకున్నాను. ఒక ట్రాకుకు ఒక వేళ ఒకటే స్వరం, కార్డ్ నొక్కకూడదు. పని ఎంత కష్టమవుతుందో చేస్తేనే తెలుస్తుంది. కార్డ్ వెనక బలహీనమైన ట్యూన్ దాక్కోగలదు. విడి వరసల్లో ఏదీ దాక్కోలేదు. ప్రతి వరసా తనంతట తాను పాడుకోదగ్గదై ఉండాలి, పక్క వరసకు అడ్డం రాకూడదు. అన్నిటికన్నా కష్టం ఖాళీ వదలడం. కంప్యూటర్‌లో వందల ట్రాకులున్నాయి, చెయ్యి ఊరుకోదు. వేసిన వరసల్లో సగం తీసేశాక గాని పాట పాటగా వినపడదు.

ఆ విడి వరసల బలానికి పెద్ద సాక్ష్యం 1983 చివర వచ్చింది. ఫ్లయింగ్ పికెట్స్ అనే నాటకరంగం మనుషుల బృందం ‘ఓన్లీ యూ’ను వాద్యమనేదే లేకుండా, గొంతులతోనే పాడింది. ఆ ఏడాది క్రిస్మస్ నాటికి బ్రిటన్‌లో మొదటి స్థానం ఆ పాటదే. యాజూ పాటకే దక్కని స్థానం అది. ఎవరో సరదా పడి చేసిన మార్పుగా దాన్ని చాలామంది చూస్తారు. నాకు అలా అనిపించదు. ఒక వేళకు ఒక్క స్వరం పలికే వరస మనిషి గొంతుకు సరిగ్గా సరిపోతుంది, గొంతు చేసేదీ అదే కదా. యంత్రం కోసం రాసిన వరసలను మనుషులు ఒక్కొక్కరు ఒక్కొక్కటి పంచుకుని పాడగలిగారంటే, క్లార్క్ రాసింది మొదటి నుంచీ గానమే.

ఆ వరసల మధ్య వదిలిన ఖాళీలోకి మోయే గొంతు వచ్చింది. కిందిస్థాయిలో బరువుగా, కాస్త గరుకుగా ఉండే గొంతు. యంత్రం కొలతకు తగ్గట్టు కచ్చితంగా కొడుతుంటే ఆమె ఒక మాటను కొంచెం వెనక్కి లాగుతుంది, ఇంకో మాటను ముందుగానే అందుకుంటుంది. కింద తాళం అణువంత కూడా కదలదు కాబట్టే ఆమె కదలిక మనకు వినిపిస్తుంది. సింథ్ పాప్ చల్లని సంగీతం, మనిషితనం లేని సంగీతం అని ఆ రోజుల్లో బాగా విమర్శ ఉండేది. వీళ్ల ‘డోంట్ గో’ పాట విన్నవారు ఎవరైనా ఆ మాట ఎలా అనగలరో నాకు అర్థం కాదు.

మొదటి ఆల్బం ‘అప్‌స్టెయిర్స్ ఎట్ ఎరిక్స్’ను లండన్‌లో, ఒకప్పుడు చర్చిగా ఉన్న భవనంలోని బ్లాక్‌వింగ్ స్టూడియోలో చేశారు. పేరులోని ఎరిక్ ఆ స్టూడియో నడిపిన ఎరిక్ ర్యాడ్‌క్లిఫ్. 1982 ఆగస్టులో వచ్చి అదీ 2వ స్థానం చేరింది. అందులో మోయే సొంతంగా రాసినవీ ఉన్నాయి. వాటిలో ‘వింటర్ కిల్స్’ నాకు ప్రాణం. ఆ నెమ్మది పాటలో క్లార్క్ దాదాపు పక్కకు తప్పుకుని ఆమెకు దారి ఇచ్చాడు. ‘సిట్యుయేషన్’ అమెరికా డ్యాన్స్ చార్టులో మొదటి స్థానానికి వెళ్లింది.

కొన్ని నెలల్లో ఇంత పేరు వచ్చింది. ఆ ఇద్దరికీ మాత్రం ఒకరి గురించి ఒకరికి తెలిసింది చాలా తక్కువ. క్లార్క్ మాట్లాడే మనిషి కాదు. మోయే ఉన్నదున్నట్టు బయటపెట్టే మనిషి, పైగా 21 ఏళ్లకే ఇంత వెలుతురు మీద పడితే దిక్కుతోచని స్థితిలో ఉంది. రెండో ఆల్బం పనిని చాలావరకు ఒకరున్నప్పుడు ఒకరు లేకుండా, వేర్వేరు వేళల్లో కానిచ్చారు. ‘హ్యాపీ పీపుల్’ అనే పాటను ఆమె పాడనంటే క్లార్కే పాడుకున్నాడు. ఇలా తయారైన ఆల్బానికి ‘మనిద్దరం’ అనే అర్థం వచ్చేలా ‘యూ అండ్ మీ బోత్’ అని పేరు పెట్టారు. 1983 జులైలో అది బయటికి వచ్చేసరికి ఇద్దరూ విడిపోవాలని నిర్ణయించుకున్నారు. అది బ్రిటన్‌లో మొదటి స్థానానికి వెళ్లింది, ఆ పాటలతో పర్యటనకు వెళ్లడానికి మాత్రం బృందం లేదు.

ఈ విడిపోవడాన్ని స్వభావాల తేడాగా చెప్పడం మామూలు. నేను పని పద్ధతిలో కూడా కారణం చూస్తాను. నలుగురు కలిసి వాయించే బృందానికి సాధన గది తప్పదు. డ్రమ్మర్ రాకపోతే పాట లేదు. ఒకరి ముఖాలు ఒకరు చూసుకోవాలి, తిట్టుకోవాలి, టీ తాగి మళ్లీ మొదలుపెట్టాలి. సీక్వెన్సర్ ఆ అవసరాన్ని తీసేసింది. క్లార్క్ ఒక్కడే కూర్చుని పాట మొత్తం కట్టగలడు. మోయే వచ్చి టేపు మీద పాడి వెళ్లగలదు. గొడవ పడటానికి వేళ లేదు, గొడవ లేదు కాబట్టి సర్దుకోవడమూ లేదు. 1980లలో బ్రిటన్‌లో ఇద్దరిద్దరు బృందాలు అన్ని పుట్టడానికి వీలు కల్పించిన యంత్రమే, ఈ ఇద్దరి విషయంలో కలిసి కూర్చోవలసిన చివరి కారణాన్ని కూడా తుడిచిపెట్టిందని నా అభిప్రాయం.

తరువాత ఇద్దరూ పైకే వెళ్లారు. మోయే 1984లో తన ముద్దుపేరుతో తెచ్చిన ‘ఆల్ఫ్’ ఆల్బం మొదటి స్థానం అందుకుంది. క్లార్క్ మళ్లీ ‘మెలొడీ మేకర్’లో గాయకుడు కావాలని ప్రకటన ఇచ్చి, వచ్చినవాళ్లలోంచి ఆండీ బెల్‌ను ఎంచుకుని, 1985లో ఎరేజర్ మొదలుపెట్టాడు. బెల్ మోయే గొంతుకు వీరాభిమాని! అంతవరకు ఎక్కువ కాలం ఒక చోట నిలవని క్లార్క్, ఆ జంటలో దశాబ్దాల పాటు ఉన్నాడు. ఈసారీ పని సీక్వెన్సర్లు, సింథసైజర్లతోనే. మరి ఈసారి ఎందుకు నిలిచిందంటే, నాకు తెలిసినంతలో వాళ్లిద్దరూ కలిసి కూర్చుని పాటలు రాసుకున్నారు.

మన సినిమా పాటలు వింటున్నప్పుడు నాకు ఈ సంగతి తరచూ గుర్తొస్తుంది. సంగీత దర్శకుడు ఒక ఊళ్లో ట్రాక్ కడతాడు, గాయని ఇంకో ఊళ్లో పాడి ఫైలు పంపుతుంది, గాయకుడు మరో వారం ఎక్కడో పాడతాడు. యుగళగీతం పాడిన ఇద్దరూ ఒకరినొకరు చూసుకోకపోయినా పాట విడుదలైపోతుంది. అందువల్ల పాట చెడుతుందని నేను అనను. ‘యూ అండ్ మీ బోత్’ విన్నవాణ్ణి, ఆ మాట అనలేను. దూరంగా ఉండి కూడా గొప్ప పాట చెయ్యొచ్చు. తరువాతి పాట కోసం ఆ ఇద్దరూ మళ్లీ కలుస్తారా అన్నదే నా బెంగ.

క్లార్క్, మోయే మళ్లీ కలవడానికి 25 ఏళ్లు పట్టింది. 2008లో ఇద్దరూ బ్రిటన్, యూరప్, అమెరికా తిరిగి పాడారు. విడుదలైనప్పుడు పర్యటనకు నోచుకోని ఆ రెండో ఆల్బం పాటలకు అప్పుడు పర్యటన దక్కింది. 2011లో లండన్‌లో మ్యూట్ సంస్థ జరిపిన ఉత్సవంలో మరోసారి వేదిక ఎక్కారు. మూడో ఆల్బం మాత్రం చెయ్యలేదు.

మీరు వినాలనుకుంటే ‘నోబడీస్ డైరీ’తో మొదలుపెట్టండి. మోయే 16 ఏళ్ల వయసులో రాసుకున్న పాట, రెండో ఆల్బంలోది. మొదటిసారి ఆమె గొంతును పక్కన పెట్టి, కింద నడిచే వరసల్ని ఒక్కొక్కటీ విడిగా పట్టుకోండి. రెండోసారి గొంతునే వినండి. మూడోసారి మొత్తం వినండి. ఆ ఇద్దరూ ఒకరికొకరు దూరమైన రోజుల్లో చేసిన పాట ఇదని వినికిడిలో ఎక్కడైనా తెలుస్తోందా? నా చెవికి మాత్రం ఇన్నేళ్లలో ఒక్కసారీ తెలియలేదు. మీకు తెలిస్తే ఎక్కడో చెబుతూ నాకు తప్పకుండా రాయండి.