ఠుమ్రీలో నొక పదాదేశము: ‘ది అదర్ సాంగ్’ చిత్రవిమర్శనము

పాఠపరిష్కరణము తాళపత్రములకును వ్రాఁతప్రతులకును మాత్రమే సంబంధించిన వ్యాపారమని పండితలోకమునఁ జిరకాలముగా నున్న యభిప్రాయము. గ్రంథమున్నచోఁ బ్రతులుండును, ప్రతులున్నచోఁ బాఠభేదములుండును, పరిష్కర్త వానిని సరిచూచి యుక్తమగు పాఠమును నిర్ణయించును. నోటినుండి నోటికి సంక్రమించు పాటల విషయమున నిట్టి విచారణ యరుదు. సబా దీవాన్ అను దర్శకురాలు 2009వ సంవత్సరమున వెలువరించిన ‘ది అదర్ సాంగ్’, అనఁగా ‘వేఱొక పాట’, యను చిత్రము డాక్యుమెంటరీ యని వ్యవహరింపఁబడు తెగకుఁ జెందినది. అది యొక పాటలోని యొకే పదముయొక్క మార్పు నాధారముగాఁ గొని యట్టి విచారణకుఁ బూనుకొన్నది.

విషయమిది. కాశీనగరమునఁ బేరెన్నికగన్న గాయని రసూలన్ బాయి (1902–1974) ఠుమ్రీ, టప్పా మున్నగు గానభేదములయందు మేటి. సంగీతనాటక అకాడెమీ 1957లో నామెను సత్కరించినది. ఆమె పాడిన భైరవిరాగపు ఠుమ్రీ యొకటి యుత్తరదేశమున మిక్కిలి ప్రసిద్ధము. నాయకుఁడు పూబంతి విసరఁగా దెబ్బ హృదయమునకుఁ దగిలినదని నాయిక మొఱపెట్టుకొనుట యందలి భావము. అయితే 1935లో నామె గ్రామఫోనునకుఁ బాడిన యొక పలకలో హృదయవాచకమగు పదమునకు మాఱుగా స్తనవాచకమగు పదమున్నది. ఆ పాఠమును రసూలన్ బాయి మఱలఁ బాడలేదు. క్రమముగా లోకము దానిని మఱచినది. డెబ్బదియేండ్లకుఁ బైఁబడిన పిమ్మట నా పాఠమును వెదకుచుఁ జిత్రము కాశికిని, లక్నోకును, బీహారులోని ముజఫర్‌పురమునకును బోవుచున్నది.

వ్యాకరణపరిభాషలోఁ జెప్పవలెనన్న నిది యాదేశము. ఆగమము మిత్రునివలెఁ బ్రక్కన వచ్చి కూర్చుండును. ఆదేశము శత్రువువలె నున్నదానిని ద్రోసి తానా స్థానము నాక్రమించును. ఇది బడిపిల్లలకును దెలిసిన మాట. రెండు పాఠములను సరిచూచినచో నే పద మే పదమును ద్రోసినదో యూహింప వీలున్నది. పూబంతి విసరుట క్రీడ. విసరిన బంతి తగులునది శరీరమునకుఁ గాని హృదయమునకుఁ గాదు. శరీరవాచకమున్నచో ముఖ్యార్థముతోనే వాక్యము పొసఁగును. హృదయవాచకమున్నచో ముఖ్యార్థము బాధితమై లక్షణ నాశ్రయింపవలసివచ్చును.

అట్లని హృదయపాఠమును నపపాఠమని త్రోసివేయరాదు. ఒక్కమాటనే పలుభంగుల మార్చి, భావమును విస్తరించి పాడుట ఠుమ్రీకిఁ బ్రాణము. దానిని ‘బోల్ బనానా’ యందురు. అట్టి గానమునకు నొక్క మూలపాఠమే యుండవలెనను నియమములేదు. చిత్ర మన్వేషణరూపమున నడచుటవలన, మఱుగుపడినదే మూలమనియు వాడుకలోనున్నది కృత్రిమమనియుఁ జూపఱకు భ్రాంతి కలుగుట కవకాశమున్నది. ఇది నిర్మాణపద్ధతిలోని దోషము. రెండు పాఠములును బ్రతికియున్నచో నది పాఠాంతరము, భాషకు సంపద. ఒకటి పాడరానిదైనప్పుడు మాత్రమే యది లోపము. కావున విచారింపవలసినది మూల మేదియని కాదు, ఒకటి యేల పాడరానిదైనదని.

ఈ ప్రశ్నకుఁ జిత్ర మిచ్చు సమాధానము బలమైనది. ఫలానివారు పదమును మార్చిరని యది చెప్పదు. పందొమ్మిదవ శతాబ్ది చివరినుండి సంఘసంస్కారమును జాతీయోద్యమమును స్త్రీల నడవడిని, జనుల వినోదములను గట్టడిచేయఁ బూనుకొన్నవి. సంగీతమును గౌరవకుటుంబములకుఁ దగినదానినిగాఁ జేయు యత్నము సాగినది. తవాయఫు లనఁబడు గాయనుల బ్రతుకు క్రమముగా నిందాపాత్రమైనది. వ్యక్తిజీవితము లోకాపవాదమునకుఁ బాత్రమైనవారిని బాడనీయరాదని 1946లో ఆలిండియా రేడియోలో నాజ్ఞ పుట్టినది. 1948లో రసూలన్ బాయి కోఠా విడిచి మేజువాణులు మానుకొన్నది. గాయనికే నిలువ నీడ లేనిచోట నామె శరీరమును జెప్పు మాటకు నిలుకడ యెట్లుండును?

చిత్రమునందలి ముఖ్యగుణము సాక్షిస్వీకారమున నున్నది. కుండ కావలసినవాఁడు కుమ్మరియింటికిఁ బోవునట్లు శబ్దము కావలసినవాఁడు వైయాకరణునింటికిఁ బోఁడని మహాభాష్యకారుని సిద్ధాంతము. శబ్దము ప్రయోగించువారియొద్దనే యుండును. దర్శకురా లీ సిద్ధాంతమునకు సరిపోవు మార్గమునే త్రొక్కినది. ప్రాఁతచిత్రపటములను, గానపుఁబలకలను బరిశీలించుటతోఁ దనియక, ఆ వృత్తిలో బ్రతికిన స్త్రీలనే యడిగినది. వారు జాలికిఁ బాత్రలుగాఁ గాక, శిష్టులవలెఁ బ్రమాణభూతలై తమ విద్యను గూర్చియుఁ దమ జీవనమును గూర్చియు మాటలాడుదురు. స్త్రీజీవితములను జూపు చిత్రములు పెక్కింట దైన్యమే ప్రధానమగుచుండఁగా నిందు విద్య ప్రధానమగుట ప్రశంసనీయము.

ఆంధ్రులకీ వివాదము క్రొత్త కాదు. తంజావూరి ప్రతాపసింహుని యాస్థానమున నున్న ముద్దుపళని రచించిన రాధికాసాంత్వనమును, స్త్రీనోట రాఁదగని శృంగారమందున్నదని కందుకూరి వీరేశలింగము పంతులు గర్హించిరి. పూర్వముద్రణమునఁ గొన్ని భాగములు లోపించుటను గమనించిన బెంగుళూరు నాగరత్నమ్మ వ్రాఁతప్రతి సంపాదించి 1910లో వావిళ్లవారిచే దానిని ముద్రింపించెను. పురుషులు వ్రాసిన శృంగారము దోషము కానప్పుడు స్త్రీ వ్రాసినది మాత్ర మేల దోషమని పీఠికలో నామె ప్రశ్నించెను. 1911లోఁ బ్రభుత్వము గ్రంథమునకు నభ్యంతరము చెప్పినది; 1947లో నిషేధము తొలఁగినది. ముద్దుపళని కావ్యము వ్రాఁతప్రతి యుండుటచే మఱల లోకమునకు దక్కినది. రసూలన్ బాయి పాడిన పాఠమునకు గ్రామఫోనుపలకయే ముఖ్యసాక్షి.

నిషేధము తొలఁగిన యా 1947లోనే మద్రాసు రాష్ట్రమున దేవదాసీల సమర్పణమును నిరోధించు చట్టము పుట్టినది. బాలికలను సమర్పించుట యన్యాయము. దానిని మాన్పుట ధర్మము. అందు సందేహములేదు. కాని దురాచారముతోపాటు వారు నేర్చిన పదములను, జావళీలను గూడఁ బాఱవేయవలసిన పనిలేదు. గోదావరీమండలములందలి కలావంతుల యిండ్లలో నట్టివి వృద్ధస్త్రీల జ్ఞాపకమున నిలిచి వచ్చినవి. వానిలోఁ బెక్కింటికిఁ బాడువారి గొంతే ప్రతి. ఆ గొంతు మూఁగవోయినచో సరిచూచుకొనుటకుఁ దాళపత్రముండదు. పరిశోధకసంఘములు ప్రతులకొఱకు గ్రామములు తిరిగినట్లే యిట్టి పాఠములకొఱకును దిరుగుట యావశ్యకము.

లోపమనఁగా నశించుట కాదు, కనఁబడకపోవుట యని పాణినీయము. ప్రత్యయము లోపించినను దన్నిమిత్తకమగు కార్యము జరుగుచునే యుండును. ఆ ఠుమ్రీలోని పదమును నట్టిదే; హృదయమని పాడినప్పుడును బూబంతి తగిలిన చోటు శ్రోతకుఁ దెలియకపోదు. పైఁ జెప్పిన దోషమున్నను, పాఠపరిష్కరణమునందుఁ గృషిచేయువా రీ చిత్రమును జూచుట యుచితము. అశ్లీలమని యొక పద్యమునో పదమునో విడిచిపెట్టి చుక్కలుంచునప్పుడు, అట్లు విడువఁబడుచున్నది యెవరి మాటయో విచారించుట కిది తోడ్పడును.