శవం ఏదీ?

ఆక్సిజన్‌కి మనకు రెండు పేర్లున్నాయి. పాత సైన్సు పుస్తకాల్లో ఆమ్లజని, పేపర్లలో ప్రాణవాయువు. మొదటిది లావోయిజర్ చేసిన పొరపాటుకి అనువాదం. ఆమ్లాలన్నిటిలోనూ ఈ వాయువే ఉంటుందని ఆయన నమ్మాడు. హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో అది లేదని తర్వాత తేలింది, పేరు మాత్రం ఉండిపోయింది. రెండోదాన్ని 2021 వేసవిలో సిలిండర్ల కోసం పరిగెత్తినవాళ్ళకి ఎవరూ వివరించక్కర్లేదు. నిక్ లేన్ రాసిన ‘ఆక్సిజన్: ద మాలిక్యూల్ దట్ మేడ్ ద వరల్డ్’ (2002) చదువుతున్నంతసేపూ ఈ రెండు పేర్లూ నా బుర్రలో తగువు పడుతూనే ఉన్నాయి.

కథ చాలామందికి తెలిసిందే. భూమి తొలినాటి గాలిలో ఆక్సిజన్ దాదాపు లేదు. సయానోబాక్టీరియా ఎండ సాయంతో నీటిని విడగొట్టి బతకడం నేర్చాయి, ఆక్సిజన్‌ని చెత్తలా బయట పారేశాయి. పుట్టింది పుట్టినట్టే అగ్నిపర్వతాల వాయువులూ, సముద్రంలో కరిగున్న ఇనుమూ దాన్ని మింగేశాయి. (ఆ ఇనుము పట్టీలు పట్టీలుగా పేరుకుని రాయి అయింది. విశాఖ ఉక్కుకి బైలాడిల్లా నుంచి వచ్చే ఖనిజం ఆ జాతి రాళ్ళలోదే.) సుమారు 240 కోట్ల ఏళ్ళ క్రితం ఆక్సిజన్ గాలిలో నిలవడం మొదలైంది. ఇక్కడిదాకా పెద్ద పేచీ లేదు.

పేచీ ఆ తర్వాత ఏమైందన్నదాని గురించి. లిన్ మార్గులిస్, డోరియన్ సేగన్ 1986లో ‘మైక్రోకాస్మోస్’లో దీనికి ‘ఆక్సిజన్ హోలోకాస్ట్’ అని పేరు పెట్టారు. కొత్త విషవాయువు నాటి సూక్ష్మజీవుల్ని ఊచకోత కోసిందని. ఆ మాట వాడటమే నాకు ఇబ్బంది. ఎవరి ఉద్దేశమూ లేని రసాయన చర్యకి మనుషులు పథకం వేసి చేసిన హత్యాకాండ పేరేమిటి?

లేన్ అభ్యంతరం వేరు, ఇంకా పదునైంది. శవం ఏదీ అంటాడాయన, దాదాపుగా. అంత సంహారం జరిగిందనడానికి రాళ్ళలో ఆనవాళ్ళు లేవు. పైగా రేడియేషన్ కణాన్ని ఏ దారిలో దెబ్బతీస్తుందో, ఆక్సిజన్ కూడా ఇంచుమించు అదే దారిలో తీస్తుంది. ఓజోన్ పొర లేని రోజుల్లో అతినీలలోహిత కిరణాలు నీటిని చీలుస్తూ ఫ్రీ రాడికల్స్‌ని ముందే పుట్టిస్తున్నాయి కాబట్టి, తొలి జీవులకి వాటిని తట్టుకునే ఎంజైములు అప్పటికే ఉండి ఉండాలి. వాన రాకముందే గొడుగు ఉందన్నమాట. తట్టుకోలేనివి బురదలోకి జారుకున్నాయి. ఇప్పటికీ అక్కడే ఉన్నాయి, మన పేగుల్లో కూడా.

ఇది పండితుల గొడవ అని వదిలేయడానికి లేదు. వాతావరణం మీద ఏ చర్చలోనైనా ఒకాయన ఉంటాడు: ‘బాక్టీరియా కూడా గాలిని పాడు చేశాయి, భూమి తట్టుకుంది కదా.’ ఆయనకి ఈ సంహారం కథ భలే ఊరట. బాక్టీరియాకి పట్టిన కాలం కోట్ల ఏళ్ళలో లెక్క. మనం కార్బన్ డయాక్సైడ్‌ని పదిలక్షల భాగాల్లో 280 నుంచి 420 దాటించడానికి రెండున్నర శతాబ్దాలు చాలాయి.

అలాగని పుస్తకానికి నూటికి నూరు మార్కులు వేయను. విలన్ వేషం తీసేసిన చేత్తోనే లేన్ ఆక్సిజన్‌కి హీరో ఎలివేషన్ ఇచ్చేశాడు. 1979లో ఇంగ్లండ్‌లోని బోల్సోవర్ బొగ్గు గనిలో దొరికిన, అర మీటరు రెక్కల తూనీగ అధ్యాయం అద్భుతం, ఒప్పుకుంటాను. బొగ్గు అడవుల కాలంలో ఆక్సిజన్ ఇప్పటి 21 శాతాన్ని దాటి 30కి పైగా ఉండొచ్చన్న అంచనాని ఆ తూనీగ రెక్కల మీద నిలబెట్టిన తీరు చదివి తీరాలి. కానీ గాలిలో 78 శాతమున్న నైట్రోజన్ ఇందులో జూనియర్ ఆర్టిస్టు. రెండో సగంలో ముసలితనం, యాంటీఆక్సిడెంట్లు వచ్చి రాళ్ళని పక్కకి నెట్టేస్తాయి. విటమిన్ మాత్రలతో ఆయుష్షు పెరగదని చెప్పడానికి అన్ని పేజీలా? అయినా, పీల్చే ఊపిరే కణాల్ని కొద్దికొద్దిగా కాల్చడం గురించి చదివాక ప్రాణవాయువు అనే మాట మునుపటంత అమాయకంగా వినపడదు.

పుస్తకం వచ్చిన 17 ఏళ్ళకి, 2019లో, కెనడాలోని బెల్చర్ దీవుల రాళ్ళని పరీక్షించినవాళ్ళు మరో సంగతి చెప్పారు. ఆక్సిజన్ విజృంభణ ముగిసేవేళ, సుమారు 200 కోట్ల ఏళ్ళ క్రితం, భూమ్మీద జీవుల ఉత్పాదకత ఒక్కసారిగా కుప్పకూలిందట. పోషకాలు అడుగంటడమే కారణమని వాళ్ళ వాదన. అంటే శవం దొరికినట్టే ఉంది, కానీ ఒంట్లో విషం లేదు, కడుపులో తిండీ లేదు. ఈ అధ్యాయాన్ని లేన్ రాస్తే చదవాలని ఉంది, ఈసారి నైట్రోజన్‌కి కూడా నాలుగు డైలాగులిచ్చి.